పికప్ అదురుతోందా? క్లచ్ విప్పించే ముందు ఇవి చూడండి

హోసూరు, డెంకణికోట, రాయకోట వైపు మన తెలుగు ఇళ్లలో చాలావాటికి పికప్ బండే ఆధారం. టమాటా అయినా, కొత్తిమీర అయినా, గులాబీలు అయినా తెల్లారేలోగా మార్కెట్టు చేరాలి. అలాంటి బండి యాక్సిలరేటర్ తొక్కగానే అదరడం మొదలుపెడితే షెడ్డులో మొదట వినబడే మాట "క్లచ్ పోయింది". కొన్నిసార్లు అది నిజమే. కానీ గేరుబాక్సు దించి, కొత్త క్లచ్ సెట్టు వేయించి, రెండు రోజుల బాడుగ పోగొట్టుకున్నాక కూడా అదురు పోని బండ్లు ఉన్నాయి. అందుకే షెడ్డుకు పోయే ముందు అదురు ఎప్పుడు వస్తోందో మనమే గమనించాలి. దానికి పైసా ఖర్చు లేదు.

బండి మూడో గేరులో 40 దగ్గర అదురుతోందనుకుందాం. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద అదే 40లో నాలుగో గేరు వేసి తొక్కి చూడండి. అప్పుడూ 40 దగ్గరే అదిరితే లోపం చక్రాలతోపాటు తిరిగే భాగాల్లో ఉంది. అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, హౌసింగ్, టైర్లు. గేరు మారగానే అదురు పోయి, వేగం ఇంకా పెరిగాక మళ్లీ వస్తే ఇంజన్ వైపు చూడాలి. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో రేజ్ చేసినా అదిరితే ఇక అనుమానమే లేదు. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లతో మొదలుపెట్టండి. కాలు తీసినా, తొక్కినా ఒకేలా అదిరేది ఎక్కువగా టైరో, డిస్కో అయి ఉంటుంది.

క్లచ్ అదురుకు ఒక గుర్తు ఉంది. మొదటి గేరులో బండి కదిలేటప్పుడు, పెడల్ సగం వదిలిన చోట అది వస్తుంది. పెడల్ పూర్తిగా వదిలాక పోతుంది. పెడల్ మీద కాలు లేకపోయినా, తొక్కిన ప్రతిసారీ అదురుతుంటే క్లచ్ మీద డబ్బు పెట్టే తొందర వద్దు. నిజంగా క్లచ్చే అయితే ప్లేటు ఒక్కటి మార్చి ఊరుకోకూడదు. ప్లేటుకు ఆయిల్ అంటి ఉంటే అది ఏ సీల్ నుంచి కారుతోందో చూడాలి. లేకపోతే కొత్త ప్లేటూ పాడవుతుంది. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు ఉన్నాయేమో కూడా అప్పుడే చూడమనండి. గేరుబాక్సు మళ్లీ దించాలంటే మళ్లీ అంత కూలీ.

లోడు బండ్లలో ఎక్కువగా దొరికే దొంగ ప్రొపెల్లర్ షాఫ్టే. చాలా పికప్‌లలో అది రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో రబ్బరులో కూర్చున్న సెంటర్ బేరింగ్, ముక్కలు కలిసే చోట క్రాస్‌లు. రబ్బరు చిరిగితే షాఫ్ట్ ఊగుతుంది, లోడుతో బండి కదిలేటప్పుడు కింద నుంచి గుద్దినట్టు అదురుతుంది. క్రాస్ అరిగితే గేరు మార్చినప్పుడు, రివర్స్ వేసినప్పుడు "టక్" మంటుంది. క్రాస్ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనబడితే లోపల గ్రీజు ఎండిపోయినట్టే.

చూడడం కష్టం కాదు. చదును నేల మీద ఇంజన్ ఆపి, నాలుగు చక్రాలకూ రాళ్లు పెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచండి. క్రాస్‌కు అటూ ఇటూ చేతులతో పట్టి, ఒకదాన్ని ముందుకు, ఇంకోదాన్ని వెనక్కు తిప్పండి. చేతికి ఆట తెలిస్తే క్రాస్ మార్చాల్సిందే. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. ముందుగా షాఫ్ట్‌ను ఒకసారి కడగండి. దానికి ఒకవైపు పట్టి ఎండిన మట్టి, చుట్టుకున్న గోనెతాడు కూడా అదురు తెస్తాయి.

క్రాస్ మార్చడం పెద్ద పని కాదు, క్లచ్‌తో పోలిస్తే ఖర్చూ చాలా తక్కువ. కానీ తప్పు జరిగేది ఇక్కడే. వంపులో తిరిగే క్రాస్ ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. ఆ హెచ్చుతగ్గులను రెండో చివర ఉన్న క్రాస్ సరిచేస్తుంది. అది రెండు చివర్లూ ఒకే వరసలో ఉంటేనే. షాఫ్ట్ ఊడదీసే ముందు జోడింపుల దగ్గర సుద్దతోనో, పంచ్‌తోనో గుర్తు పెట్టమనండి. పళ్లు కొన్ని తప్పి కూర్చుంటే కొత్త క్రాస్‌తో కూడా బండి ముందుకంటే ఎక్కువ అదురుతుంది.

కమాన్ కట్టలకు అదనంగా పట్టీలు వేయించినవాళ్లూ ఇదే గుర్తుంచుకోవాలి. వెనుక భాగం లేస్తే షాఫ్ట్ వంపు మారుతుంది. ఖాళీగా ఉంటే అదిరి, లోడు పడగానే సర్దుకునే బండిలో మొదట అడగాల్సింది ఈ పట్టీల సంగతే. హౌసింగ్‌ను కమాన్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు వదులైనా తొక్కినప్పుడు హౌసింగ్ మెలి తిరిగి అదురు పుడుతుంది.

ఇంజన్ వైపు అదురు వేరు. అది లయగా ఉండదు, ఎక్కడంలో లాగలేక కుదుపుతుంది. డీజిల్ బండి అయితే ముందు ఫిల్టర్ కింది నీళ్లు తీయండి, పాతబడితే ఫిల్టర్ మార్చండి. ఆ తర్వాత గాలి ఫిల్టర్, టర్బో పైపులు చూడండి. ఇంజెక్టర్ల మాట చివర్లో. పెట్రోలు, సీఎన్‌జీ బండ్లలో అయితే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ ముందు.

మెకానిక్‌తో తమిళంలో మాట్లాడినా, కన్నడంలో మాట్లాడినా క్రాస్, సెంటర్ బేరింగ్ అన్న మాటలు ఒకటే. "క్లచ్ చూడన్నా" అనకండి. "మూడో గేరులో, లోడుతో, 40 దగ్గర, తొక్కితేనే" అని చెప్పండి. షాఫ్ట్ అదురు అని తేలితే మాత్రం ఈ ఒక్క ట్రిప్పు కానిద్దామని రోడ్డెక్కకండి. నడుస్తుండగా ముందు క్రాస్ ఊడితే షాఫ్ట్ నేలకు గుచ్చుకుంటుంది. రిపేరు అయ్యాక ఖాళీ బండిని షెడ్డు చుట్టూ తిప్పి సరే అనకుండా, మామూలుగా వేసే లోడుతో, అదే గేరులో, అదే వేగంలో నడిపి చూసి డబ్బు ఇవ్వండి.