పునరుద్ధృత చారిత్రక భవనంలో సమకాలీన కళాప్రదర్శన: రోమ్ నగరంలోని విల్లా మెడిచి - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కళాకారులకు నివాసవసతి కల్పించే సంస్థ ఒక చారిత్రక భవనంలో ఉన్నప్పుడు, అక్కడ రూపొందిన కృతులను ఆ భవనంలోనే ప్రదర్శించడం వల్ల కొన్ని ప్రత్యేక సమస్యలు తలెత్తుతాయి. రోమ్‌లోని ఫ్రెంచి అకాడమీకి నిలయమైన విల్లా మెడిచి ఆధారంగా ఈ వ్యాసం వాటిని వివరిస్తుంది. పునరుద్ధరణ అంటే గతాన్ని యథాతథంగా తిరిగి నిలపడం కాదనీ, అది కూడా ఒక వ్యాఖ్యానమేననీ, సమకాలీన కృతి ఆ వ్యాఖ్యానంతోనే తలపడవలసి వస్తుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: విల్లా మెడిచి, నివాస కళాకేంద్రం, పునరుద్ధరణ, బాల్తూస్, సమకాలీన కళ, వలసవాద దృశ్యాలు.

1. ప్రవేశిక:
కృతిని తెల్లగోడల గదిలో ప్రదర్శించడం ఆధునిక కళాశాలల సంప్రదాయం. ఆ తెల్లదనం తటస్థం కాదనీ, దాని వెనుక ఒక విలువల వ్యవస్థ ఉందనీ బ్రయన్ ఓడోహర్టీ 1976లో ‘ఆర్ట్‌ఫోరం’ పత్రికలో వెలువరించిన వ్యాసాలలో వాదించాడు. చారిత్రక భవనం విషయంలో పరిస్థితి కొంత భిన్నం. అక్కడి గోడ తటస్థం కాదన్న సంగతి అందరికీ తెలుసు. అయితే ఆ గోడ ఇప్పుడున్న రూపాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ అభిరుచితో నిర్ణయించారన్న ప్రశ్న మాత్రం తరచుగా మరుగున పడుతుంది.

2. భవనం - సంస్థ:
పించో కొండపై ఉన్న ఈ భవనాన్ని 1576లో కార్డినల్ ఫెర్డినాండో డి మెడిచి సేకరించాడు. వాస్తుశిల్పి బార్తొలొమేయో అమ్మన్నాతి దీనిని విస్తరించాడు. ఉద్యానం వైపున్న ముఖభాగంలో ప్రాచీన రోమన్ శిల్పఫలకాలను పొదిగారు. అంటే పాతవాటిని కొత్త అమరికలో ప్రదర్శించడం ఈ భవనానికి మొదటినుంచీ ఉన్న లక్షణమే.

ఫ్రెంచి అకాడమీని 14వ లూయీ కాలంలో, 1666లో స్థాపించారు. అది ఈ భవనంలోకి మారింది 1803లో, నెపోలియన్ హయాంలో. ‘రోమ్ బహుమతి’ పొందిన యువకళాకారులు ఇక్కడ ఉండి ప్రాచీన, పునరుజ్జీవన కృతులకు ప్రతులు తీస్తూ అభ్యాసం చేసేవారు. 1968లో ఆ బహుమతి రద్దయింది. ఎంపిక విధానం మారింది. నేడు చిత్రకారులతో పాటు రచయితలు, స్వరకర్తలు, కళాచరిత్ర పరిశోధకులు కూడా నివాసులుగా ఉంటున్నారు. అనుకరణ కోసం ఏర్పడిన సంస్థ ఈ విధంగా నూతన సృష్టికి నిలయమైంది. భవనం మాత్రం అనుకరణయుగపు గౌరవాన్ని ఇంకా మోస్తూనే ఉంది.

3. గోడ ఎవరిది?
1961లో ఆంద్రే మాల్రో నియామకంతో చిత్రకారుడు బాల్తూస్ అకాడమీ అధిపతి అయ్యాడు. 1977 వరకు ఆ పదవిలో ఉండి విస్తృతమైన పునరుద్ధరణ చేపట్టాడు. తరువాతి కాలపు అలంకరణలను తొలగించి, గోడలపై పొరలుపొరలుగా రంగులు వేసి రుద్దించి, కాలం మెరుగు తగ్గించినట్లు కనిపించే ఉపరితలాన్ని సాధించాడు. అది పాతగోడ కాదు, పాతదనాన్ని స్ఫురింపజేసే కొత్తగోడ. తెలియక చూసేవారు దానిని పునరుజ్జీవన కాలపు అవశేషంగానే భావించే అవకాశం ఉంది.

దాదాపు ఇదే కాలంలో పునరుద్ధరణ సిద్ధాంతం మరో దిశలో సాగింది. చెజారే బ్రాంది 1963లో ప్రకటించిన సిద్ధాంత గ్రంథం గానీ, 1964 నాటి వెనిస్ ఒడంబడిక గానీ కొత్తగా చేర్చిన భాగం మూలం నుండి వేరుగా గుర్తింపదగినదై ఉండాలని నిర్దేశించాయి. వివిధ యుగాలు భవనానికి చేర్చిన అంశాలను గౌరవించాలని కూడా ఆ ఒడంబడిక పేర్కొన్నది. ఈ ప్రమాణాలతో చూస్తే బాల్తూస్ చేసినది సంరక్షణ కన్నా చిత్రరచనకే దగ్గర. అయితే నేడు ఆ గోడలు కూడా రక్షింపవలసిన వారసత్వమయ్యాయి. ఒక కళాకారుడి అభిరుచి తరువాతి కళాకారులకు అనివార్యమైన నేపథ్యంగా స్థిరపడింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఇక్కడే ఉంది. ఉద్యానంలోని చిన్న మందిరంలో యాకోపో జుక్కి చిత్రించిన పక్షుల గది సున్నపు పూత కింద మరుగున పడి ఉండి, 1985లో బయటపడింది. ఒకచోట పునరుద్ధరణ అంటే పొరను తొలగించడం, మరొకచోట పొరను చేర్చడం. సందర్శకునికి మాత్రం రెండూ ‘పాత భవనం’గానే కనిపిస్తాయి.

4. ప్రదర్శనలో ఎదురయ్యే పరిమితులు:
రక్షిత భవనంలో గోడకు మేకు కొట్టడం కూడా అనుమతికి లోబడిన విషయమే. అందువల్ల కృతి తనంతట తాను నిలబడాలి, లేదా నేలను, గాలిని, ధ్వనిని, వెలుతురును ఆశ్రయించాలి. ఈ పరిమితి స్థాపనకళకు, ధ్వనికళకు అనుకూలిస్తుంది, చిన్న చిత్రపటానికి ప్రతికూలిస్తుంది. ఇక అనువాదకుని, పరిశోధకుని ఏడాది కృషిని గదిలో ఎలా చూపాలన్నది వేరే సమస్య. నివాసకాలపు ఫలితం ఎప్పుడూ వస్తురూపంలో ఉండదు.

1998 నుండి 2000 వరకు మూడు వేసవులలో ఇక్కడ నగరం, ఉద్యానం, స్మృతి అనే అంశాలపై ప్రదర్శనలు జరిగాయి. హాన్స్ ఉల్రిచ్ ఓబ్రిస్ట్, కరొలిన్ క్రిస్తోవ్-బకర్గియేవ్, లోరాన్స్ బోసే వాటి నిర్వాహకులు. భవనాన్ని కృతులకు పాత్రగా కాక ప్రదర్శనాంశంగానే స్వీకరించడం వాటి ప్రాముఖ్యం.

5. తొలగించలేని పొరుగు:
పెద్ద సభామందిరంలో గోబ్లాన్ కార్ఖానాలో నేసిన ‘ఇండీస్’ చిత్రవస్త్రాలు ఉండటం ఇటీవల తీవ్రమైన చర్చకు దారితీసింది. పేరులో ‘ఇండీస్’ ఉన్నా అవి భారతదేశానికి సంబంధించినవి కావు. డచ్చివారి అధీనంలోని బ్రెజిల్‌ను పాలించిన యోహాన్ మౌరిట్స్ వెంట వెళ్లిన ఆల్బర్ట్ ఎక్‌హౌట్, ఫ్రాన్స్ పోస్ట్ రచించిన చిత్రాలు వాటికి మూలం. మౌరిట్స్ 1679లో ఆ చిత్రాలను 14వ లూయీకి బహూకరించాడు. వస్త్రాలలో ఫలాలు, జంతువులు, సమృద్ధి కనబడతాయి. ఆ సమృద్ధికి ఆధారమైన బానిసత్వం అలంకారంగా మారిపోతుంది.

వాటిని అక్కడ ఉంచడంపై కొందరు నివాస కళాకారులు అభ్యంతరం తెలిపారు. ఇక్కడ రెండు వాదాలకూ బలముంది. చారిత్రక వస్త్రాన్ని తొలగిస్తే సాక్ష్యం కనుమరుగవుతుంది. వ్యాఖ్య లేకుండా ఉంచితే గౌరవస్థానంలో వేలాడుతున్న ఆ దృశ్యాన్ని సంస్థ ఆమోదించినట్లవుతుంది. సందర్శకుడు గంటసేపు చూసి వెళ్లిపోతాడు. నివాసి మాత్రం ఏడాదిపాటు దాని సమక్షంలో పనిచేయాలి. అందువల్ల నివాసి అభ్యంతరాన్ని అభిరుచిభేదంగా కొట్టివేయడం తగదు. ఆతిథ్యం స్వీకరించినవారికి ఆ ఇంటి గోడల గురించి మాట్లాడే హక్కు ఎంతవరకు ఉందన్నదే ఇందులోని అసలు ప్రశ్న.

2022లో ఫెండి సంస్థ సహకారంతో ఆరు సభామందిరాలను సమకాలీన గృహోపకరణాలతో, కొత్త వర్ణయోజనతో తీర్చిదిద్దారు. ఉపకరణాలను మార్చగల సంస్థ అర్థాలను కూడా పునఃపరిశీలించగలదని ఆశించడం అసంగతం కాదు.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల, ఇటువంటి ప్రదర్శనలను అధ్యయనం చేసేవారు మూడు అంశాలను గమనించాలని తేలుతున్నది. మొదటిది, ఇప్పుడు కనిపిస్తున్న భవనం ఏ కాలపు పునరుద్ధరణ ఫలితమన్నది. రెండవది, భవన నియమాలు ఏ కళారూపాలకు చోటిచ్చి, వేటిని దూరం పెడుతున్నాయన్నది. మూడవది, భవనంలోని పాతకృతులపై కొత్త కళాకారులు పలికే మాటకు సంస్థ ఇచ్చే స్థానం. మొదటి రెండింటికి గోడలనూ పత్రాలనూ పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది. మూడవదానికి మాత్రం సంస్థ ప్రవర్తనలోనే సమాధానం వెతకాలి. కళాకారుడిని ఆహ్వానించడమంటే అతని కృతికి స్థలం ఇవ్వడంతో ముగిసే పని కాదు. ఆ స్థలాన్ని అతడు ప్రశ్నించే అవకాశాన్ని కూడా అంగీకరించడం.