పలకని ఫోనుకు పలికే ధర



కోతపండుగ వేలంపాట మనకు క్రొత్త కాదు. ఆరాధన ముగిసిన తరువాత గుడి ముందు చెట్టు నీడన గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు, ధాన్యపు బస్తాలు పెడతారు. సంఘపెద్ద నిలువబడి "ఒకటోసారి, రెండోసారి" అంటుంటాడు. సంతలో యాభై రూపాయలు చేసే గుమ్మడికాయ అక్కడ రెండు వేలు పలుకుతుంది. అది చూచి ఎవరూ ఆశ్చర్యపడరు. ఆ కాయ ఎవరి పెరటిదో, ఎవరు మోసుకొని వచ్చారో అక్కడున్న ప్రతివానికి తెలుసు.

అయితే సముద్రాలకు అవతల జరిగే ఇంకొక వేలంపాటను గూర్చి నేను ఈ మధ్యనే తెలుసుకున్నాను. గత క్రిస్మసు సెలవులకు మా సంఘములోని ఒక కుటుంబమువారి అబ్బాయి అమెరికానుండి వచ్చాడు. వారి ఇంటికి దర్శనమునకు వెళ్ళి వసారాలో కూర్చున్నానో లేదో, ఆ తల్లి ఫిర్యాదు మొదలుపెట్టింది.

"అయ్యగారూ, మీరైనా వీడికి బుద్ధి చెప్పండి. పలకని ఫోనుకి అర్ధలక్ష పోశాడంట. ఇంకొంచెము కలిపితే పాడిగేదె వచ్చేది."

కొడుకు నవ్వి, "అమ్మా, ఇలాంటివి ప్రపంచములో పదో ఇరవయ్యో ఉంటాయి. అందుకే దానికి ఆ ధర" అన్నాడు. లోపలినుండి చిన్న పెట్టె తెచ్చి చూపించాడు. నల్లని ఫోను. కంపెనీ పేరు లేదు. వెనుక అంకెలు వేసిన ఒక చీటీ అంటించి ఉన్నది. అది ఎన్నడూ అంగడికి రాలేదట. అటువంటి నమూనా ఫోనులను ఇంటర్నెట్ వేలములలో కొని కూడబెట్టేవారు ఆ దేశాలలో చాలామంది ఉన్నారట.

తరువాత అతను గొంతు తగ్గించి, "అయ్యగారూ, ఈ రాత్రి ఇంకొకదాని పాట ముగుస్తుంది. ఇప్పటికే రెండు వేల డాలర్లు దాటింది. నేను పాడనా, మాననా?" అని అడిగాడు.

నాకు తెలియని విషయమును గూర్చి సలహా చెప్పడము నాకు ఇష్టము లేదు. కనుక ఆ మధ్యాహ్నమంతా అతని ప్రక్కన కూర్చొని అడిగి తెలుసుకున్నాను. తరువాత నేనుగా చదివి సరిచూసుకున్న సంగతులు కూడా కలిపి మీ ముందుంచుతున్నాను. మన పిల్లలు కూడా ఇప్పుడు ఫోనులోనే కొంటున్నారు, అమ్ముతున్నారు గనుక ఇది మనకు దూరపు సంగతి కాదు.

నమూనా ఫోను అంటే ఏమిటి?

దర్జీ చొక్కాను ఒకేసారి పూర్తిగా కుట్టడు. ముందు పచ్చికుట్టు వేసి, తొడిగి చూచి, విప్పి సరిచేస్తాడు. ఫోను తయారీ కూడా అంతే. లోపలి యంత్రభాగాలు పనిచేస్తున్నాయో లేదో చూచుటకు కొన్ని చేస్తారు. దీనిని ఇ.వి.టి. దశ అంటారు. ఆకారము, గట్టిదనము, పైపూత సరిగా కుదిరాయో లేదో చూచుటకు మరికొన్ని చేస్తారు. అది డి.వి.టి. దశ. ఫ్యాక్టరీ వరుసలో వేలకొలది చేయడము సాధ్యమా అని చూచుటకు చేసేది పి.వి.టి. దశ. పరీక్ష ముగిసిన తరువాత వీటిని కంపెనీలు సాధారణముగా వెనుకకు తీసుకుంటాయి లేదా నాశనము చేస్తాయి. తప్పించుకొని మిగిలినవే ఈ వేలములకు వస్తాయి.

వీటిని గుర్తుపట్టే ఆనవాళ్ళు కొన్ని ఉన్నాయి. కొన్నింటి మీద కంపెనీ ముద్ర ఉండదు, లేదా అమ్మకమునకు కాదని వ్రాసి ఉంటుంది. అమెరికాలో రేడియో తరంగాల అధికార సంస్థ అనుమతి ఇంకా పొందని పరికరము మీద ఆ సంగతి తెలియజేయాలని అక్కడి నియమము. లోపల కూడా తేడా ఉంటుంది. ఆపిల్ కంపెనీ నమూనాలు కొన్నింటిలో మనము చూచే మామూలు తెర రాదు. పరీక్షల నిమిత్తము ఇంజనీర్లు వాడే స్విచ్‌బోర్డు అనే సాఫ్టువేరు మాత్రమే ఉంటుంది.

మొదటి ఐఫోను సంగతే చూడండి. 2007వ సంవత్సరము జనవరి 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో దానిని లోకమునకు చూపించారు. జూన్ 29న అమ్మకము మొదలైంది. దానికి ముందు ఇంజనీర్లు వాడిన ఒక పరీక్షాపలక ఛాయాచిత్రాలను ద వెర్జ్ అనే వార్తాసంస్థ 2019 మార్చిలో ప్రచురించింది. ఎమ్68 అని దాని గుప్తనామము. అది జేబులో పట్టేది కాదు. కంప్యూటరు లోపలి పలకంత వెడల్పుగా, ఎర్రగా ఉన్నది. ఎరుపు రంగు నమూనాకు గుర్తు. దానిమీద పనిచేసిన ఇంజనీర్లలో అనేకులకు రాబోయే ఫోను ఏ ఆకారములో ఉంటుందో తెలియదు. రహస్యము బయటపడకూడదని అలా చేశారు. ఇల్లు ఎలా ఉంటుందో చూపించకుండానే మేస్త్రీలచేత గోడలు కట్టించినట్లు!

పారవేసిన దారులు

మరి ఇవి కూడబెట్టడమెందుకు? ఇది కేవలము గొప్ప చూపించుకొనుటకేనా? నేను మొదట అలాగే అనుకున్నాను. అయితే ఈ ఫోనులు ఒక చరిత్రను చెప్పుచున్నవని తరువాత అర్థమైంది.

తెరను వ్రేలితో తాకి నడిపే ఫోను 2007లో పుట్టలేదు. ఐ.బి.ఎం. కంపెనీ దాని నమూనాను 1992 నవంబరులోనే లాస్ వేగాస్ నగరములో ప్రదర్శించింది. సైమన్ అనే పేరుతో 1994 ఆగస్టు 16న అది అమ్మకానికి వచ్చింది. బరువు దాదాపు అరకిలో. సుమారు 50,000 మాత్రమే అమ్ముడై, 1995లో ఆగిపోయింది.

నేడు మన ఊళ్ళలో ఎక్కువమంది చేతిలో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోనులు. వాటికి గూగుల్‌వారు మొదట సిద్ధము చేసిన నమూనా పేరు సూనర్. దానికి తాకే తెర లేదు. క్రింద టైపు మిషనువలె చిన్న చిన్న మీటలుండేవి. ఐఫోను వచ్చిన తరువాత దానిని ప్రక్కన పెట్టారు. తాకే తెర గల జి1 అనే ఫోనును 2008 అక్టోబరులో విడుదల చేశారు. ఈనాడు ఒక సూనర్ దొరికితే సేకరణకారులు కళ్ళకద్దుకుంటారు.

అలాగే 2013లో ప్రాజెక్ట్ ఆరా అని ఒకటి ప్రకటించారు. కెమెరా చెడితే కెమెరా ముక్క, బ్యాటరీ చెడితే బ్యాటరీ ముక్క మార్చుకొనే ఫోను. మన వంటివారికి ఎంతో మేలు కలిగి ఉండేది! 2016 సెప్టెంబరులో దానిని ఆపివేశారు. ఎల్.జి. కంపెనీ 2021 జనవరిలో చాపవలె చుట్టుకొనే తెర గల ఫోనును చూపించింది. అదే సంవత్సరము ఏప్రిల్‌లో ఫోనుల వ్యాపారమే మానుకొంటున్నట్లు ప్రకటించింది. ఇటువంటి ఫోను ఒక్కటి మిగిలితే, వందల మంది యేండ్ల తరబడి చేసిన కష్టమునకు అది సాక్ష్యము. ఫిన్లాండు దేశములో ఆల్టో విశ్వవిద్యాలయమువారు నోకియా ఫోనుల చిత్రాలను, నమూనాలను భద్రపరచి 2025 జనవరిలో అందరూ చూచునట్లు ఇంటర్నెట్‌లో ఉంచారు. ఓడిపోయిన పని కూడా దాచదగినదేనని దీనివలన తెలుస్తున్నది.

పాట ఎలా పెరుగుతుంది?

ఇంటర్నెట్ వేలములలో పేరుపొందిన ఈబే 1995 సెప్టెంబరులో మొదలైంది. దానిని స్థాపించిన పియెర్ ఒమిడ్యార్ తన దగ్గరున్న చెడిపోయిన లేసరు దీపమును వేలమునకు పెట్టగా 14 డాలర్ల 83 సెంట్లకు అమ్ముడైంది. అది చెడిపోయినదని కొన్నవానికి తెలుసా అని అడిగితే, తాను చెడిపోయిన లేసరు దీపాలనే కూడబెడతానని అతను జవాబిచ్చాడట.

అక్కడ పాట పాడే పద్ధతి వేరు. మీరు ఎంతవరకు ఇవ్వగలరో ముందే వ్రాసిపెట్టవచ్చు. ఇతరులు పెంచిన కొలదీ కంప్యూటరు మీ తరపున కొంచెము కొంచెము పెంచుకుంటూ పోతుంది. చివరి క్షణాలలో దూరి పాడేవారు కూడా ఉంటారు. ఎదుటివాని ముఖము కనబడదు. సరిపెట్టుకోమని చెప్పే ప్రక్కవాడు లేడు. ఒంటరిగా, అర్ధరాత్రి, గడియారము దిగుతుండగా పాడే పాట అది. అందరికంటె ఎక్కువ విలువ కట్టినవాడే గెలుస్తాడు గనుక, గెలిచినవాడు తరచుగా ఎక్కువే చెల్లిస్తాడు.

ధరలు విని మతి పోగొట్టుకోకండి. 2023 జూలైలో ఎల్.సి.జి. వేలమువారి వద్ద పెట్టె సీలు విప్పని మొదటి ఐఫోను ఒకటి 1,90,372 డాలర్లు పలికింది. 2007లో దాని ధర 499 డాలర్లు. అది నమూనా కాదు, అంగడి ఫోనే. 4 జి.బి. రకమును కొద్ది నెలలకే ఆపివేశారు గనుక అది అరుదైంది. అయితే లక్షలమంది పెట్టె విప్పి వాడుకున్నారు. ఆ ఒక్కరి లాభము చూచి మనము అప్పు చేసి ఫోనులు దాచుకుంటే మిగిలేది అప్పు మాత్రమే.

ఎవరి పెరటిది?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నమూనా ఫోనులు సాధారణముగా కంపెనీ ఆస్తి. మరి వేలమునకు ఎలా వస్తున్నవి?

2010 మార్చిలో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో ఒక బీరు దుకాణములో ఆపిల్ ఇంజనీరు ఒకరు తన ఫోనును మరచిపోయాడు. పైకి పాత ఫోనువలె కనబడే తొడుగులో ఉన్న అది, ఇంకా విడుదల కాని ఐఫోను 4 నమూనా. దొరికినవారు దానిని 5,000 డాలర్లకు గిజ్మోడో అనే వార్తాసంస్థకు ఇచ్చారు. ఏప్రిల్‌లో ఆ చిత్రాలు లోకమంతటా వచ్చాయి. సొంతదారుడెవరో తెలుసుకొనే వీలుండి కూడా దొరికిన వస్తువును తనదిగా చేసుకోవడము ఆ రాష్ట్ర చట్టములో దొంగతనమే. ఇద్దరు మనుష్యుల మీద కేసు నడిచింది. 2011 అక్టోబరులో వారికి ఒక సంవత్సరము షరతులతో కూడిన విడుదల, 40 గంటల సమాజసేవ, చెరి 250 డాలర్ల పరిహారము విధించారు.

2019లో మరొక అమెరికా పత్రిక ఇంకొక సంగతి బయటపెట్టింది. చైనా ఫ్యాక్టరీలనుండి దొంగచాటుగా బయటకు వచ్చిన నమూనా ఐఫోనులను కొందరు వేల డాలర్లకు కొంటున్నారట. అంగడి ఫోనుకుండే కాపుదల తాళాలు వాటికి ఉండవు గనుక, ఐఫోను లోపలి గుట్టు తెలుసుకొనుటకు అవి పనికివస్తాయి. ఆ ఫోను బయటికి తెచ్చిన కూలివాడు పట్టుబడితే ఉద్యోగము పోవును, జైలు కూడా తప్పదు. లాభము మాత్రము మధ్యవర్తిది.

అన్నీ అటువంటివే అని నేను అనను. కంపెనీ మూతపడినప్పుడు పనివారికి ఇచ్చివేసినవి ఉన్నాయి. సాఫ్టువేరు వ్రాసేవారికి కంపెనీయే పంచినవి ఉన్నాయి. తేడా తెలియాలంటే అడగాలి. ఇది ఎవరిచేతినుండి వచ్చింది? కంపెనీ ఇచ్చినట్లు కాగితము ఉన్నదా? అడిగితే అమ్మేవాడు సూటిగా చెప్పుచున్నాడా?

మన ఇండ్లకు సంబంధించిన రెండు మాటలు

మనము నమూనాలు కొనము. కాని సెకండ్‌హ్యాండ్ ఫోనులు కొంటాము. ఆ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. ఏ ఫోనులోనైనా *#06# నొక్కితే 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. నంబరు వస్తుంది. కె వై ఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు వ్రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వ్రాసి 14422కు సందేశము పంపితే అది ఏ ఫోనో, వాడదగినదో కాదో జవాబు వస్తుంది. ప్రభుత్వమువారి సంచార్ సాథీలో కూడా చూడవచ్చు. డబ్బు ఇవ్వకముందే చూడండి.

రెండవది, పాత ఫోనులను బీరువాలో, బట్టల మధ్య పడవేయకండి. లిథియం బ్యాటరీ పాతబడితే ఉబ్బుతుంది. ఉబ్బినదానిని గుచ్చినా, నొక్కినా నిప్పు పుట్టవచ్చు. దాచదలచినవారు సగము చార్జి చేసి, ఎండ తగలని చల్లని చోట ఉంచి, అప్పుడప్పుడు తీసి చూడాలి. ఉబ్బితే పిల్లలకు దూరముగా ఉంచి, తెలిసిన రిపేరువానికి అప్పగించాలి.

ఆ రాత్రి ఏమైంది?

నేను ఆ అబ్బాయితో, "బాబూ, ధర సంగతి నాకు తెలియదు. మన కోతపండుగ పాట గుర్తున్నదా? గుమ్మడికాయ ఎవరి పెరటిదో అందరికీ తెలిసే పాడతారు. ఇది ఎవరి పెరటిదో అడుగు" అన్నాను.

అతను అప్పుడే అమ్మేవానికి వ్రాశాడు. గంటలో జవాబు వచ్చింది. కావాలంటే పాడమని, లేకుంటే ఊరుకోమని దాని భావము. అతను ఫోను ప్రక్కన పెట్టేశాడు. మరునాడు గుడి దగ్గర కలిసినప్పుడు, "ఎవరో తీసుకున్నారు అయ్యగారూ. కొంచెము బాధగానే ఉన్నది" అని ఒప్పుకున్నాడు. ఆ మాట నాకు నచ్చింది. బాధ లేకుండా వదిలిపెట్టినది వదిలిపెట్టడము కాదు.

మరి ఇంట్లో ఉన్న ఆ మొదటి ఫోను సంగతి? దానిని అమ్మినవాడు ఒక వృద్ధ ఇంజనీరు. కంపెనీ మూతపడిన రోజున పనివారికి ఇచ్చివేసినదని కాగితము జతచేసి, తాను దానిలో ఏ భాగము చేశాడో చేతితో ఉత్తరము వ్రాసి పంపాడు. అబ్బాయి దానిని తెలుగులో తల్లికి చదివి వినిపించాడట. ఆమె చాలాసేపు ఊరుకొని, "అయితే ఇది ఆయన మూడేళ్ళ కష్టమా?" అని అడిగిందట.

తరువాత తానే ఒక మెత్తని గుడ్డ తెచ్చి ఫోనును, ఉత్తరమును కలిపి చుట్టి ఇచ్చింది. పాడిగేదె మాట మాత్రము ఆమె ఇంకా మరువలేదు.