దూరపు కొండకి పచ్చరంగు వెయ్యకండి: నీటిరంగుల్లో పొరలు

నేర్చుకోడానికి వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "కొండ వేశానండి, కానీ దూరంగా ఉన్నట్టు కనబడట్లేదు." చూస్తే కొండ నిండా చిక్కటి పచ్చరంగు ఉంటుంది. కొండ మీద చెట్లున్నాయని మనకి తెలుసు కదా, తెలిసిన రంగు వేసేస్తాం. కనబడే రంగు వెయ్యం. చిక్కంతా అక్కడే.

మన బొబ్బిలి నుంచి సాయంత్రం పూట సాలూరు వైపు చూడండి. ముందున్న తాటిచెట్లు దాదాపు నల్లగా ఉంటాయి. వాటి వెనక కొండ బూడిద నీలం, ఆ వెనకది ఇంకా పలచన, ఆఖరి వరస ఆకాశంలో కలిసిపోతుంది. మధ్యలో ఉన్న గాలే దీనికి కారణం. గాలి నీలం కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది, ఆ నీలమే కొండకీ మన కంటికీ మధ్య తెరలా నిలుస్తుంది. మంచు తుంపరలు గాలి అణువుల కంటే చాలా పెద్దవి. అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడతాయి కాబట్టి పొగమంచు తెల్లగా ఉంటుంది.

ఇప్పుడు కాయితం మీదకి వద్దాం. 300 జిఎస్‌ఎం అయితే మంచిది, పలచటిది ఉబ్బిపోతుంది. ముందు ఆకాశం: కాయితం తడిపి కింద పలచటి పసుపు, పైన నీలం. ఆరనివ్వండి. తర్వాత అల్ట్రామెరైన్ నీలంలో చిటికెడు బర్న్ట్ సియెన్నా కలిపి, బాగా నీళ్లు పోసి, ఆఖరి కొండ వరస. వెంటనే ఉత్తి నీళ్ల కుంచెతో దాని కింది అంచుని కరిగించెయ్యండి. కొండ అడుగు మంచులో మునిగినట్టు వచ్చేది అందువల్లే. మళ్లీ ఆరాక రెండో వరస కాస్త చిక్కగా. అలా ముందుకి రండి, తాటిచెట్లు చివర.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చేతివెనక భాగం కాయితానికి దగ్గరగా పెట్టండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆగలేక వేస్తే కింది రంగు లేచొచ్చి బురదవుతుంది. ఆరితే మాత్రం వెలుతురు రెండు పొరల్లోంచీ వెళ్లి, తెల్ల కాయితాన్ని తగిలి వెనక్కొస్తుంది. పళ్లెంలో కలిపితే రాని లోతు అది.

ఫోన్ ఫొటో చూసి వెయ్యడం నాకంత ఇష్టం లేదు, చాలా ఫోన్లు ఆ మసకని తుడిచేసి చూపిస్తాయి. పెద్దల బొమ్మ చూసి వెయ్యడం మాత్రం మంచి సాధనే. రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు గ్యాలరీ చూడండి. 1897లో పుట్టి 1925లో పోయారు, 28 ఏళ్లు నిండలేదు. బొమ్మ ముందు నిలబడి, ఏ పొర ముందు వేశారో ఊహించండి.

వచ్చే ఎపిసోడ్‌లో నీళ్లలో కొండ నీడ.