మీకు తెలుసా? పొలిమేర దాటిన నోటు

విదేశీ ప్రయాణమంటే పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, ఆవకాయ సీసా మూత అన్నీ రెండేసి సార్లు చూసుకుంటాం. పర్సులో మిగిలిన నోట్ల సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. వాటికీ ఓ లెక్కుంది.

● టాక్సీకి సరిపడా...
సాధారణంగా మన దేశం దాటేటప్పుడు మనిషి వెంట 25,000 రూపాయల వరకే మన నోట్లు ఉండొచ్చు. తిరిగి తెచ్చుకునేటప్పుడూ అంతే. 2014లో ఆర్‌బీఐ పెంచకముందు ఈ పరిమితి 10,000. పరదేశంలో ఖర్చుపెట్టడానికి కాదు, వచ్చాక విమానాశ్రయం బయట టాక్సీ ఎక్కడానికే ఆ రూపాయలు పనికొచ్చేది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులకు ఈ వెసులుబాటు లేదు.

● నోటు మీద నేపాలీ ఉన్నా...
మన నోటు వెనక వైపు 15 భాషల్లో విలువ రాసి ఉంటుంది. తెలుగుతో పాటు అందులో నేపాలీ కూడా ఒకటి. అయినా 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం 100 రూపాయలకు మించిన భారత నోట్లు తమ దేశంలో చెల్లవంది. అప్పటికే మన ఆర్‌బీఐ అక్కడికి పెద్ద నోట్లు 25,000 వరకు తీసుకెళ్లొచ్చని అనుమతించింది. పంపే గుమ్మం తెరిచి ఉన్నా, అడుగుపెట్టే గుమ్మం మూసుకుందన్న మాట. అందుకే పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రలకు వెళ్లేవారు రెండు దేశాల నిబంధనలూ చూసుకుని బయల్దేరాలి. వంద నోట్ల కట్ట దగ్గరుంటే నిశ్చింత. మారకం లెక్క సులువే: 1993 నుంచి మన 100 రూపాయలకు నేపాలీ 160.

● దుబాయ్‌లో మన రూపాయి
కరీంనగర్, నిజామాబాద్, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు అక్కడి దిర్హాములు, రియాళ్లు ఇంటికి పంపుతున్నారు. ఒకప్పుడు అక్కడ చెల్లింది మన రూపాయే! కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్, ఒమన్ బజార్లన్నిటా అదే. దొంగ బంగారం మన దేశంలో అమ్మి, ఆ రూపాయలను గల్ఫ్‌కు చేరవేసి, బ్యాంకుల ద్వారా విదేశీ ద్రవ్యంగా మార్చుకోవడం మొదలయ్యాక మన ఖజానా కరిగిపోసాగింది. దాంతో 1959లో ఆర్‌బీఐ గల్ఫ్ కోసమే వేరే రంగుల్లో, వరస సంఖ్య ముందు ‘జెడ్’ అక్షరంతో నోట్లు అచ్చు వేసింది. అవి మన దేశంలో చెల్లవు. హజ్ యాత్రికులకూ ప్రత్యేక నోట్లు ఇచ్చింది. 1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ సొంత దీనార్లు తెచ్చుకున్నాయి. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించడంతో ఖతార్, దుబాయ్ కూడా దాన్ని వదిలేశాయి. చివరిదాకా ఉన్నది ఒమన్, 1970 వరకు.

● పోతూ మూడు వేలు
చాలా దేశాలకు మనం నగదుగా తీసుకెళ్లగలిగే విదేశీ కరెన్సీ ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే. మిగతాది ఫారెక్స్ కార్డులోనో, మరో రూపంలోనో ఉండాలి. వచ్చాక మిగిలినదాన్ని 180 రోజుల్లో బ్యాంకుకో, అధీకృత డీలరుకో అప్పగించాలి. మళ్లీ ప్రయాణానికి పనికొస్తుందనుకుంటే 2,000 డాలర్ల వరకు దగ్గర ఉంచుకోవచ్చు.

● చెరో ఆరు వేలు
అమెరికాలోకి డబ్బు ఎంత తీసుకెళ్లినా, అక్కడి నుంచి ఎంత తెచ్చుకున్నా తప్పు కాదు. 10,000 డాలర్లు దాటితే కస్టమ్స్‌కు ఫారంలో చెప్పకపోవడమే తప్పు. 1970లో వచ్చిన చట్టం అది. హైదరాబాదుకు బయల్దేరిన దంపతులు 12,000 డాలర్లను చెరో 6,000గా పంచుకుని ఫారం తప్పించుకుందామంటే కుదరదు. కుటుంబం కలిసి వెళ్తే లెక్కా కలిపే చూస్తారు. సరే, అక్కడ చెప్పేసి ఇక్కడ దిగారనుకోండి. మన కస్టమ్స్‌లో విదేశీ నోట్లు 5,000 డాలర్ల విలువ దాటితే చెప్పాలి. అంటే ఇద్దరూ మళ్లీ ఫారం నింపాల్సిందే!

● గీత దాటని దీనారు
ట్యునీషియా దీనారును ఆ దేశంలోకి తేకూడదు, బయటికి తీసుకెళ్లకూడదు. అక్కడ దిగాకే మార్చుకోవాలి. మిగిలింది తిరిగి మార్చుకోవాలంటే మొదటిసారి ఇచ్చిన రసీదు దాచుకోవాలి. చైనాలో 20,000 యువాన్ల వరకు అనుమతి. తమ డబ్బుకు దేశం బయట మరో ధర పలకకూడదనుకునే ప్రభుత్వాలు పెట్టే కంచెలివి.

● చిల్లరకు దిక్కేది?
నోట్లు మార్చేవాళ్లు సాధారణంగా నాణేలు ముట్టుకోరు. అలా జేబుల్లో మిగిలే పరాయి చిల్లరను విమానాల్లోనే కవర్లు పంచి సేకరించే పథకాన్ని యునిసెఫ్ 1987లో మొదలుపెట్టింది. ఆ సొమ్ము పిల్లల సంక్షేమానికి వెళ్తుంది.

● బెజవాడ దాటితే హాలీ
ఇవన్నీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల కబుర్లనుకుంటున్నారా? మన తాతల కాలంలో బెజవాడ వైపు నుంచి ఖమ్మం మీదుగా హైదరాబాదు వెళ్లినా డబ్బు మారేది. ఇటు ఆంగ్లేయుల ‘కల్దార్’, అటు నిజాం ‘హాలీ సిక్కా’. సుమారుగా 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు. రెండు వైపులా మాట్లాడేది తెలుగే, నిజాం నోటు మీదా తెలుగు అక్షరాలుండేవి. అయినా బేరం కుదిరాక ‘హాలీయా, కల్దారా’ అని అడగాల్సిందే. 1950లలో హాలీ కనుమరుగయ్యాక గానీ ఆ ప్రశ్న ఆగలేదు.