పాలకేంద్రమునందలి లెక్క

దాసులకు తలాంతుల నప్పగించి దూరదేశమునకు బోయిన యజమానుని ఉపమానమును మన పాఠశాలలో విననివారు లేరు. ఆయన బహుకాలమునకు వచ్చి లెక్క యడిగెను. పాలసంఘములో లెక్క అంతకాల మాగదు. ఉదయ మొకసారి, సాయంకాల మొకసారి తేలవలసినదే. పలువురు కలిసి చేయు వ్యాపారమున ఒక్కొక్కరి పని నెట్లు కొలువవలెనో, ఎవరు ఎవరికి జవాబుదారులో తెలిసికొనగోరు మోత్కూరు ప్రాంతపు విద్యార్థికి ఇంతకంటె దగ్గరి పాఠశాల లేదు.

ఇట్టి సంఘముల పద్ధతి 1946వ సంవత్సరమున గుజరాతునందలి ఖేడా జిల్లాలో నెలకొని, 1970లో ఆరంభమైన పాలవెల్లువ పథకముతో దేశమంతట వ్యాపించెను. తెలంగాణమున ముల్కనూరు స్త్రీలు 2000వ సంవత్సరమున తమ సొంత సహకార డెయిరీని నెలకొల్పుకొనిరి.

పాలను కొలతనుబట్టియే కొనినచో, నీళ్లు కలిపినవారికిని కలుపనివారికిని ఒకే వెల దక్కును. నిజాయితీ గలవారే నష్టపోవుదురు. కావున వెన్ననుబట్టి వెల కట్టుదురు. గేదెపాలలో నూటికి సుమారు ఆరు మొదలు ఎనిమిది పాళ్లును, ఆవుపాలలో మూడున్నర మొదలు నాలుగున్నర పాళ్లును వెన్న యుండును. పూర్వము గెర్బరు పద్ధతిని గాజుగొట్టములో గంధకామ్లమును, పాలను, కొంచెము అమైల్ ఆల్కహాలును పోసి త్రిప్పెడివారు. వెన్న గీతలు గల మెడలోనికి తేలివచ్చెడిది. ఇప్పుడు చాలచోట్ల యంత్రము క్షణములలో అంకెను చూపుచున్నది.

అయితే అంకె వచ్చినంతమాత్రమున తీర్పు రాదు. పిదుకునపుడు మొదటి ధార పలుచనిది, కడపటి ధార చిక్కనిది. కడపటి పాలను దూడకు విడిచిన యిల్లాలి పాలలో వెన్న తగ్గును; అందు మోసమేమియు లేదు. నీళ్లు కలిసినచో వెన్నయు, వెన్న కాని ఘనపదార్థములును రెండును తగ్గును. దూడ త్రాగినచో ముఖ్యముగా వెన్నయే తగ్గును. ఈ భేదము నెరుగక, తక్కువ అంకెను చూచి నలుగురిలో ఒక స్త్రీని దొంగవలె నిలుపు పరీక్షకుడు సంఘమునకు చేయు చెరుపు నీళ్ల పాలకంటె పెద్దదని నా యభిప్రాయము. పాలను బాగుగ కలియబెట్టక పైనుండి నమూనా తీసినచో వెన్న హెచ్చుగను, అడుగునుండి తీసినచో తక్కువగను కనబడును. ఆ తప్పు పోసినవారిది కాదు, తీసినవారిది.

మరి ఆ పరీక్షకుని కొలుచువా రెవరు? ఒక యుదాహరణ మూహింతము. గ్రామపుస్తకము ప్రకారము ఒకనాడు 200 కిలోల పాలు, సగటున నూటికి 7 వెన్న. అనగా 14 కిలోల వెన్న. డెయిరీలో అవే పాలను మరల పరీక్షింపగా 6.5 వచ్చెను, అనగా 13 కిలోలు. ఆ యొక్క కిలో ఏమాయెను? నమూనా సరిగా తీయలేదో, దారిలో క్యాను మూత తీయబడెనో, అచ్చటి యంత్రమే తప్పెనో! ఒకనాటి తేడాకు కలహింప బనిలేదు. ఒకనాడు హెచ్చు, మరొకనాడు తగ్గు సహజము. ప్రతిదినమును ఒకే ప్రక్కకు తగ్గుచున్నచో కారణమును వెదకక విడువరాదు. ఇందుకై రెండు చోట్ల అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి సభ్యుల కగపడునట్లు గోడపై నంటింపవలెను. కార్యదర్శి యింటి పాలను సయితము ఇతరుల యెదుట పరీక్షించుట మంచిది. దీనిని అవమానమని తలచు కార్యదర్శి ఆ పనికి తగినవాడు కాడు.

చదువురాని తల్లికి చీటి చదివి చెప్పువాడు తరచుగా బడికి పోవు బిడ్డయే. అతడు చూడవలసినవి తేదియు పూటయు, పాల కొలత, వెన్న అంకె. చెల్లింపు సాధారణముగ పదునైదు దినముల కొకసారి జరుగును గనుక, అన్ని చీటీలను దాచి, కూడి, వచ్చిన సొమ్ముతో సరిచూడవలెను. తేడా కనబడినచో మరునా డుదయమే తల్లివెంట కేంద్రమునకు బోయి, పాలుపోయువారందరు అచ్చట నుండగనే, మర్యాదగా పుస్తకము తెరచి చూపుమని యడుగవలెను.