తెల్లజెండా సిపాయిలు

మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళ కళ్ళు ముందుగా పడేది హాల్లో ఉన్న అద్దాల బీరువా మీద. అందులో బొటనవేలంత లోహపు సిపాయిలు నూట ఇరవై మంది, తుపాకులు భుజాన వేసుకుని వరసల్లో నిలబడి ఉంటారు. ముందువరస మధ్యలో ఒకడి చేతిలో పూర్తిగా తెల్లటి జెండా. "పాపం, వీళ్ళు ఓడిపోయినవాళ్ళా?" అని అడగని అతిథి ఇంతవరకు లేడు. నేను జవాబు మొదలుపెట్టబోతే మా ఆవిడ "ముందు వాళ్ళని అన్నం తిననివ్వండి" అంటుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ నాకు అడ్డుపడేవాళ్ళు లేరు.

మేముండేది వర్జీనియాలో. ఇక్కడ నాలుగో తరగతి పిల్లలకి రాష్ట్ర చరిత్ర ఉంటుంది. మా అమ్మాయి ఆ తరగతిలో ఉన్నప్పుడు యార్క్‌టౌన్ యుద్ధం మీద ప్రాజెక్టు ఇచ్చారు. చెప్పుల డబ్బాలో యుద్ధరంగం తయారుచేసి, ప్లాస్టిక్ సిపాయిలకి నేనే రంగులు వేశాను. ఫ్రెంచివాళ్ళకి నీలం కోట్లు తొడిగి, చేతికి నీలం, తెలుపు, ఎరుపు జెండా ఇచ్చాను. ఇంజనీరింగు చదివినవాణ్ణి, ఫ్రాన్సు జెండా ఏదో ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. క్లాసులో ఒక పిల్లవాడు లేచి, ఆ జెండా అప్పటికింకా పుట్టలేదని చెప్పాడట.

వాడు చెప్పింది నిజం. యార్క్‌టౌన్‌లో ఇంగ్లీషు సైన్యం లొంగిపోయింది 1781 అక్టోబరు 19న. మూడు రంగుల జెండా ఇప్పుడున్న రూపంలో ఫ్రాన్సు జాతీయ జెండా అయింది 1794లో, పదహారో లూయీ తల తీసిన మరుసటి ఏడు. అంటే ఆ రాజు పంపిన సైన్యం చేతిలో, ఆయన్ని చంపినవాళ్ళ జెండా పెట్టానన్నమాట. "నాన్నా, నువ్వు చూసి చెప్పలేదా?" అంది అమ్మాయి, కారెక్కుతూ. ఆఫీసులో నా ప్రోగ్రాముల్లో ఎన్ని తప్పులు దొరికినా అంత సిగ్గుపడలేదు. అలా మొదలైంది ఈ పిచ్చి.

ఆనాటి ఫ్రాన్సులో తెలుపు రాజుగారి రంగు. ప్రతి రెజిమెంటుకూ కల్నల్ జెండా అని ఒకటి ఉండేది. అది తెల్లగుడ్డ మీద తెల్ల శిలువ. తెలుపు మీద తెలుపు కనక కుట్లు చూసి పోల్చుకోవలసిందే. మా బీరువాలో ఉన్నది అదే. మిగతా జెండాల్లో శిలువ తెల్లగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న నాలుగు గళ్ళకీ రంగులుంటాయి. ఏ రెజిమెంటో చెప్పేవి ఆ రంగులే. పికార్డీకి ఎరుపు, షాంపేన్‌కి ఆకుపచ్చ, నార్మండీకి పసుపు, పియెమాన్‌కి నలుపు. నవార్ రెజిమెంటు రంగుకి ఫ్రెంచిలో పేరు 'ఎండుటాకు'. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. యార్క్‌టౌన్‌కి వచ్చిన బూర్బొనే రెజిమెంటుకి నీలం, ఊదా గళ్ళు. తుపాకి మందు పొగలో పక్కవాడి మొహం కూడా కనపడని చోట సిపాయికి తన గుంపు ఎక్కడుందో చెప్పేది ఆ గుడ్డే. ఈసారి చుట్టాలని వాషింగ్టన్ కాపిటల్ భవనానికి తీసుకెళ్ళినప్పుడు గుమ్మటం కింద ట్రంబుల్ వేసిన యార్క్‌టౌన్ చిత్రం చూడండి. ఎడమవైపు ఫ్రెంచివాళ్ళ మీద తెల్లజెండా ఎగురుతూంటుంది. గెలిచినవాళ్ళ జెండా అది.

ఇక కోటు. ఫ్రెంచి కాలిబంటు కోటు తెలుపు అంటారు గానీ అది మల్లెపువ్వు తెలుపు కాదు. రంగు అద్దని ఉన్ని, బూడిద కలిసిన తెలుపు. వేల మందికి బట్టలు కుట్టించే ఖజానాకి రంగు ఖర్చు కలిసొస్తుంది కదా. నేను మొదటి ఇరవై మందికీ డబ్బాలోని తెలుపు తీసి పూసేశాను. సున్నం కొట్టిన గోడల్లా తయారయ్యారు. తెల్లకోటుకి తెలుపుతో మొదలుపెట్టకూడదని అప్పుడు తెలిసింది. ముందు బూడిదరంగు ప్రైమరు, దానిమీద గోధుమ కలిసిన లేత బూడిద. అది ఆరాక నీళ్ళలా పలచన చేసిన గోధుమరంగు వదిలితే మడతల్లోకి అదే జారి నీడలా నిలుస్తుంది. తరవాత పైకి తేలిన చోట్ల మాత్రం మీగడ రంగు. అసలు తెలుపు చిట్టచివర, భుజం అంచుమీద ఒక్క గీత. కుంచె బాగా చిన్నది కొనకండి. దానిమీద రంగు సిపాయి దాకా వెళ్ళేలోపే ఆరిపోతుంది. మొన బాగున్న మధ్యరకం కుంచె మేలు. చత్వారం వచ్చినవాళ్ళకి, అంటే నాకు, దీపమున్న భూతద్దం తప్పదు.

1779 నాటి నిబంధనల ప్రకారం రొమ్ముమీది మడతల రంగును బట్టి రెజిమెంటు తెలుస్తుంది. బూర్బొనేకి నలుపు, స్వాసొనేకి కెంపు, సేంతోంజ్‌కి ఆకుపచ్చ, గాతినేకి ఊదా. రోయాల్ దో-పోన్ వాళ్ళకైతే కోటే ఆకాశనీలం, మడతలు పసుపు. వాళ్ళు జర్మను మాట్లాడేవాళ్ళు. కాబట్టి 'ఫ్రెంచి సైన్యం' అని నేను ఒకే రంగు పూసెయ్యడంలో ఒక భాషవాళ్ళనే మాయం చేశాను. గాతినే కథ ఇంకొకటి. అక్టోబరు 14 రాత్రి తొమ్మిదో నంబరు మట్టిదిబ్బ కోటని పట్టుకోవడంలో ముందున్నది వాళ్ళే. అందుకు మెచ్చి రాజు వాళ్ళ పేరు రోయాల్ ఓవెర్న్ అని మార్చాడు. యుద్ధం తరవాత వచ్చిన పేరు అది. నేను పీటమీద ఆ పేరు రాసి, మళ్ళీ గోకి, పాతపేరు రాయవలసి వచ్చింది.

జెండా చెయ్యడం చాలా తేలిక. అసలుది దాదాపు ఆరడుగుల చదరం, నా సిపాయిల కొలతకి మూడు సెంటీమీటర్లు. కాగితం మీద రెండువైపులా వేసి, పలచని జిగురుతో తీగకి చుట్టి, తడి ఆరకముందే వేళ్ళతో అలలు నొక్కాలి. కాగితం అంచు తెల్లగా కనపడితే మోసం బయటపడుతుంది. అంచుకి కూడా రంగు పెట్టాలి.

పోయిన వేసవిలో మా నాన్నగారు విజయనగరం నుంచి వచ్చారు. బీరువా ముందు చాలాసేపు నిలబడి, "ఒరే, వీళ్ళు బుస్సీ మనుషులేనా?" అన్నారు. నా చెయ్యి ఆగిపోయింది. మా వైపు ఫ్రెంచివాడంటే స్వాతంత్ర్యానికి సాయపడినవాడు కాదు, 1757 జనవరిలో బొబ్బిలి కోటమీద ఫిరంగులు పెట్టినవాడు. నేను వివరించాను. బుస్సీది ఫ్రెంచి కంపెనీ సైన్యం, వీళ్ళు రాజుగారి రెజిమెంట్లు. అప్పటి రాజు పదిహేనో లూయీ, వీళ్ళని పంపింది ఆయన మనవడు. మధ్యలో ఇరవై నాలుగేళ్ళు. నాన్నగారు అంతా విని, "కోటలో ఉన్నవాళ్ళకి ఆ తేడా ఏం తెలుస్తుందిరా" అన్నారు.

ఆ రాత్రి మా అమ్మాయి, ఇప్పుడు కాలేజీలో ఉంది, తాతగారి దగ్గర కూర్చుని బొబ్బిలి కథ మొత్తం చెప్పించుకుంది. తాండ్ర పాపారాయుడి దాకా వచ్చేసరికి పదకొండయింది. "నాన్నా, కోటలో వాళ్ళని కూడా చెయ్యి" అంది. ఫ్రెంచివాళ్ళకైతే గుండీల దాకా రాసిపెట్టిన నిబంధనలున్నాయి. వీళ్ళకి అలాంటివేం లేవన్నాను. నాన్నగారు లోపలికెళ్ళి తుండుగుడ్డ తెచ్చుకుని, తన చిన్నప్పుడు ఊళ్ళో పెద్దవాళ్ళు తలపాగా ఎలా చుట్టేవారో చుట్టి చూపించారు. నాలుగువైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాను.