తీగ ఎందుకు కాలింది?

మేము ఇంటర్ చదివే రోజుల్లో, ఒక చలికాలం తెల్లవారుజామున, గదిలో ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు నీళ్లు కాచే రాడ్డు, ఇస్త్రీపెట్టె రెండూ పెట్టాం. కాసేపటికి పరుపు కింద చుట్టగా పడి ఉన్న వైరు తొడుగు కరిగి, పరుపు అంచు రగులుకుంది. మెయిన్ ఆపి ఆర్పేశాం. ఎవరికీ ఏమీ కాలేదు. గోడ మీది ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు! అదెందుకో డిగ్రీలో ఫిజిక్సు చదివాక గానీ మాకు అర్థం కాలేదు.

లెక్క చూద్దాం. రాడ్డు 1500 వాట్లు, ఇస్త్రీపెట్టె 750. మొత్తం 2250ని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 10 ఆంపియర్లు. ఫ్యూజు 15 ఆంపియర్లది, కాబట్టి అది పోలేదు. కానీ గోడలోని రాగి తీగ మధ్యచ్ఛేద వైశాల్యం 2.5 చదరపు మిల్లీమీటర్లు, బాక్సు తీగది 0.5 మాత్రమే. వైశాల్యంతో కరెంటును భాగిస్తే వచ్చేదే విద్యుత్ ప్రవాహ సాంద్రత. గోడలో అది చదరపు మిల్లీమీటరుకు 4 ఆంపియర్లు, బాక్సు తీగలో 20. సాంద్రత 5 రెట్లయితే, ప్రతి ఘనపు మిల్లీమీటరులో పుట్టే వేడి 25 రెట్లు!

విజయవాడలో బందరు కాలువను చూడండి. వంతెన స్తంభాల మధ్య దారి ఇరుకైతే అవే నీళ్లు వడిగా పోతాయి. తీగలో ఎలక్ట్రాన్లూ అంతే. అయినా వాటి నడక చాలా నెమ్మది. చదరపు మిల్లీమీటరుకు 4 ఆంపియర్ల బ్యాటరీ కరెంటు పోయే రాగి తీగలో అవి గంటకు సుమారు ఒక మీటరు జరుగుతాయి. ఇళ్లలోని ఏసీ కరెంటులోనైతే ఉన్నచోటే ఊగుతుంటాయి. మరి స్విచ్ వేయగానే లైటు ఎలా వెలుగుతుంది? ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలితే ఎండిన కాలువ వెంట శివారు పొలాలకు చేరడానికి రోజులు పడుతుంది. తీగ అలా కాదు, అది ఎప్పుడూ నిండి ఉన్న కాలువ. ఈ చివర తోస్తే ఆ చివర వెంటనే కదులుతుంది.

రాగిలో ఘనపు సెంటీమీటరుకు సుమారు 8.5 × 10²² స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. శుద్ధమైన సిలికాన్‌లో గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 10¹⁰ మాత్రమే. అందుకే అది అర్ధవాహకం. అందులో ఎలక్ట్రాన్లతో పాటు వాటి ఖాళీలైన హోల్స్ కూడా ఎదురు దిశలో కదిలి కరెంటును మోస్తాయి. మొత్తం సాంద్రత ఈ రెండింటి కూడిక. కోటి సిలికాన్ పరమాణువులకు ఒక్క ఫాస్ఫరస్ పరమాణువు కలిపినా వాహకత లక్షల రెట్లు పెరుగుతుంది.

ఇంకో తేడా ఉంది. వేడెక్కితే రాగి నిరోధం పెరుగుతుంది. శుద్ధ సిలికాన్‌లో మాత్రం కొత్త ఎలక్ట్రాన్లు, హోల్స్ పుట్టి నిరోధం తగ్గుతుంది. కరెంటు పెరిగి వేడి ఇంకా పెరిగే ప్రమాదం ఉంది కనుకనే ఆంప్లిఫయర్లలో పవర్ ట్రాన్సిస్టర్లకు అల్యూమినియం రేకు బిగిస్తారు.

తమ్ముళ్లారా, మా ఇళ్లలో కరెంటు బిల్లు చదవగలిగిన మొదటివాళ్లం మేమే. మీలో చాలామందీ అంతే. చదివింది గదిలో పనికి రావాలి. ఫ్యూజుకు ఆంపియర్లే తెలుసు, మీ తీగ ఎంత సన్ననో దానికి తెలియదు. అది చూసుకోవలసింది మీరే. చెయ్యి పెడితే వైరు వెచ్చగా తగిలిందా, ముందు స్విచ్ ఆపండి. తర్వాత వార్డెన్ గారికి చెప్పండి. తిట్లు పడితే పడండి. మేము ఆ రోజు భయపడి చెప్పలేదు. అది తప్పని ఇప్పటికీ అనుకుంటున్నాం.